అవకాశం ఉందన్నాను

అక్టోబర్ 7

ఈ రోజు నుంచి సైబర్ భద్రత నేర్చుకుంటున్నాను. కోర్సులూ పుస్తకాలూ అక్కర్లేదట. ఆ రంగంలోని ఉద్దండులంతా ఒకే సైటులో కూర్చుని పొద్దున లేచింది మొదలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉంటారు. వాళ్ళని అనుసరిస్తే చాలు, విద్య దానంతటదే ఒంటబడుతుందట. ఈ సంగతి చదివింది కూడా ఆ సైటులోనే. దొరికిన ప్రతి ఉద్దండుణ్ణీ అనుసరించేశాను.

అందరిలోకీ పెద్దాయన బూడిద బాతు. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఫొటోలో నిజంగానే బాతు ఉంటుంది. ఆయన మాట వేదం. ఈ రోజు బాతుగారు, "పాస్‌వర్డులు నెలనెలా మార్చమనేవాడు మూర్ఖుడు" అని సెలవిచ్చారు. మా ఆఫీసులో ఏళ్ళ తరబడి నెలనెలా మార్చమని అందరి ప్రాణాలూ తోడుతున్నది నేనే. వెంటనే ఆ పోస్టుకు ఎర్ర హృదయం పెట్టేశాను.

"ఏంటి, బాతుని చూసి మురిసిపోతున్నావు?" అంది మార్లూస్. పెళ్ళాం కనక మెడ సాచి నా ఫోను చూసే హక్కు తనకుంది.

"చదువుకుంటున్నాను."

"ఓహో. ఆ చదువేదో అయ్యాక కాస్త చెత్త బయట పెట్టు."

అక్టోబర్ 12

పాస్‌వర్డులు కాగితం మీద రాసుకోవడం మహాపాపమని ఒక ఉద్దండుడు. రాసుకోనివాడు వట్టి అమాయకుడని ఇంకో ఉద్దండురాలు. ఇద్దరికీ హృదయాలు పెట్టాను.

అక్టోబర్ 22

పోయిన వారం బౌదెవైన్ నన్ను 'భద్రతా సారథి'ని చేశాడు. డైరెక్టర్ అన్నాక ఎవరినో ఒకరిని ఏదో ఒకటి చెయ్యాలి. జీతం అలాగే ఉంటుంది, పేరు మాత్రం పెరుగుతుంది. డేవెంటర్ ఊళ్ళో ఇళ్ళు అద్దెకిచ్చే సంస్థకు ఇన్నాళ్ళూ ప్రింటర్లు బాగుచేసే ఈ రేనీర్ ఉండేవాడు, ఇప్పుడు సారథి ఉన్నాడు. ప్రింటర్లు కూడా సారథే చూసుకోవాలట.

పని మొదలుపెట్టేశాను. సైటులో అందరూ పాటించే ఆచారం ఒకటుంది. తెరకు తాళం వెయ్యకుండా కాఫీకి లేచినవాళ్ళ కంప్యూటర్ నుంచి, 'రేపు అందరికీ కేకు నేనే తెస్తున్నాను' అని ఆఫీసంతటికీ మెయిల్ పంపెయ్యాలి. మర్నాడు వాళ్ళు నోరు మూసుకుని కేకు తేవాలి. అలా బుద్ధొస్తుంది.

మొదట దొరికింది మరమ్మతుల డెస్కు టీనెకె. మర్నాడు స్వయంగా కాల్చిన ఆపిల్ కేకు తెచ్చింది.

"అబ్బాయ్, కేకు కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా? దీనికింత తతంగమా?" అంది.

ఇది శిక్ష అని వివరించాను. ఆమె తల ఊపి నాకు రెండో ముక్క వేసింది.

అక్టోబర్ 31

టీనెకె తెర మళ్ళీ తెరిచే ఉంది. ఇంట్లో పియర్ పళ్ళు మిగలపండుతున్నాయట, మెయిల్ నేను పంపితే తనకో పని తప్పుతుందట. శిక్ష ఎలా పనిచెయ్యాలో ఈమెకు ఎంత చెప్పినా ఎక్కడం లేదు.

నవంబర్ 12

బాతుగారి పోస్టు కింద నేను రాసిన వ్యాఖ్యకు ఒకావిడ హృదయం పెట్టింది! ఐరిస్. ఘెంట్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. నా ప్రశ్న చాలా లోతైనదని రాసింది. నేను ప్రశ్న వేసినట్టు నాకు గుర్తులేదు, అయినా లోతుంటే ఉండొచ్చు. పోయిన నెల బాతుగారు ఆవిడ పోస్టు ఒకటి పంచుకున్నారు కనక మనిషి గట్టిదే.

డిసెంబర్ 3

పరీక్ష పెట్టాను. ఆఫీసంతటికీ నేనే ఒక దొంగ మెయిల్ పంపి, ఎవరు మోసపోతారో చూడటం.

ఏ ఎర వెయ్యాలా అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి తట్టింది: క్రిస్మస్ పెట్టె. మా జనం జీతం పెంచకపోయినా ఊరుకుంటారు గానీ, ఆఫీసువాళ్ళిచ్చే క్రిస్మస్ పెట్టెలో జున్ను ముక్క చిక్కితే ఈస్టర్ దాకా సణుగుతారు. 'ఈ ఏడు మీ పెట్టె మీరే ఎంచుకోండి, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ కొట్టండి' అని రాశాను. ఐరిస్‌కు చూపిస్తే, "నువ్వు ఈ విద్యతోనే పుట్టావు" అంది. రోజంతా ఆ మాటే నెమరేసుకున్నాను.

డిసెంబర్ 5

దాదాపు అందరూ నొక్కారు. బౌదెవైన్ కూడా నొక్కాడు, వైన్ ఉన్న పెట్టె ఎంచుకున్నాడు.

క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాను. బాతుగారి మొదటి సూత్రం చెప్పాను: మోసపోయినవాళ్ళని సిగ్గుపరచకూడదు. సిగ్గుపరిస్తే ఈసారి దాచేస్తారు, దాచేస్తే కొంప మునుగుతుంది. ఎవరి పేరూ బయటికి రాదని మాటిచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

టీనెకె తర్వాత నా దగ్గరికొచ్చింది. "నేను మూడుసార్లు నొక్కాను. మొదటిసారి పెట్టె తెరుచుకోలేదు, నా కంప్యూటర్ సంగతి తెలుసుగా, అది మొరాయించిందేమో అనుకున్నా."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెయిల్ తెరవకూడదు టీనెకె."

"నాకొచ్చేవన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళవే. ఒకడు బూజు ఫొటో పంపుతాడు, ఇంకొకావిడ కారుతున్న పైకప్పు ఫొటో పంపుతుంది. తెరవకపోతే ఆ నీళ్ళు ఆవిడ మంచం మీద పడతాయి. ఏం చెయ్యమంటావ్?"

మంచి ప్రశ్న. బాతుగారిని అడుగుతానన్నాను.

డిసెంబర్ 6

కాఫీ మిషన్ దగ్గర బౌదెవైన్ పట్టుకున్నాడు. "అందరికంటే ఎక్కువసార్లు నొక్కిందెవరు?"

"పేర్లు చెప్పకూడదు."

"అరె, నేను పేరు అడిగానా గురూ? ఏ డెస్కు?"

మరమ్మతుల డెస్కు అన్నాను. ఆ డెస్కులో ఉన్నది ఒక్క మనిషే. అయినా పేరు చెప్పలేదు. అది మాత్రం ఖాయం.

డిసెంబర్ 18

పోయిన వారం అసలు క్రిస్మస్ పెట్టెల మెయిల్ వచ్చింది. ఎవరూ నొక్కలేదు. నా శిక్షణ అద్భుతంగా ఫలించింది. గడువు దాటిపోయింది, ఎవరికీ పెట్టె లేదు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

జనవరి 9

మధ్యాహ్నం టీనెకె నా పక్కన కూర్చుని బ్రెడ్డు తింది. పెట్టె గొడవ తర్వాత నా బల్ల దగ్గర కూర్చున్న మొదటి మనిషి.

ఆమె ఏడాది కాంట్రాక్టు ఫిబ్రవరితో అయిపోతుంది. పర్మనెంట్ చేస్తానని బౌదెవైన్ వేసవిలోనే అన్నాడట. విడాకులైన దగ్గర్నుంచి చెల్లెలి ఇంట్లో పై గదిలో ఉంటోంది. "పర్మనెంట్ కాగితం చూపిస్తేనే బ్యాంకువాడు నాతో మాట్లాడతాడు. నదికి అవతల చిన్న ఇల్లు చూసి పెట్టుకున్నా. తలుపు తీసి లోపలికెళ్ళేటప్పుడు ఎవరికీ 'నేనే, నేనే' అని అరిచి చెప్పక్కర్లేని ఇల్లు" అంది. ఊరందరికీ ఇళ్ళు అద్దెకిచ్చే సంస్థలో పనిచేస్తూ ఈమె ఉండేది చెల్లెలి నెత్తిమీద.

తప్పకుండా చేస్తారన్నాను.

జనవరి 20

ఐరిస్ నాకు ఒక ఫైలు పంపింది. తను కనిపెట్టిన లోపానికి నమూనా అట. లోకానికి వెల్లడించే ముందు ఒక్క నమ్మకమైన మనిషి అభిప్రాయం కావాలట. ఘెంట్‌లో అంతమంది పండితులుండగా డేవెంటర్‌లో ప్రింటర్లు చూసుకునే నన్ను ఎందుకడిగిందని నేను అనుకోలేదు. సరిగ్గా నన్నే అడగాలి అనిపించింది.

ఇంట్లో ల్యాప్‌టాప్ నత్తనడక. భోజనం వేళ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరిచాను. వైరస్‌ల కాపలా ప్రోగ్రాం గోల పెట్టింది. అది గోల పెడుతుందనీ కాసేపు ఆపెయ్యమనీ ఐరిస్ ముందే చెప్పింది. ఆపేశాను. ఎవడైనా గుమ్మంలో నిలబడి 'నీ కుక్కని కట్టెయ్, లోపలికొస్తా' అంటే కట్టేస్తామా? కట్టేస్తాం, అయితే వాడు ముందు మనల్ని పొగిడి ఉండాలి.

తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని మూసుకుంది. 'చాలా బాగుంది' అని జవాబు రాశాను.

జనవరి 23

ఐరిస్ అనే మనిషి లేదు.

బాతుగారు పొద్దున రాశారు. ఘెంట్ లేదు, పరిశోధన లేదు, ఆ ఫొటో కూడా కంప్యూటర్‌తో కల్పించినదే. మన రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి గాలం వేసే ముఠా పని ఇదంతా. ఆ ఫైలు తెరిచినవాళ్ళు వెంటనే తమ సంస్థకు చెప్పాలట.

బౌదెవైన్‌కు చెప్పాలి. రేపు చెబుతాను.

జనవరి 24

బౌదెవైన్ మీటింగుల్లో ఉన్నాడు. ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేసి మళ్ళీ అన్నీ ఎక్కించాను. ముందు జాగ్రత్త అంటే అదీ. అందులో ఆధారాలేవైనా ఉండి ఉంటే అవి కూడా పోయి ఉండాలి. అది నా ఉద్దేశం కాదు.

జనవరి 27

బౌదెవైన్‌కు జలుబు.

జనవరి 30

నిన్న మరమ్మతుల డెస్కు మెయిల్ నుంచి మా అద్దెదారులందరికీ ఉత్తరాలు వెళ్ళాయి. 'రేపు మీ ఇంట్లో వేడినీళ్ళ బాయిలర్ తనిఖీ, ఇక్కడ నొక్కి వివరాలివ్వండి.' చాలామంది ఇచ్చేశారు. నేను తుడిచే ముందు ఆఫీసు మెయిల్ పాస్‌వర్డులన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి, సారథిని కదా. పొద్దుటినుంచి ఫోన్లు ఆగడం లేదు. ఒక ముసలాయన తనిఖీవాళ్ళ కోసమని పొద్దున్నే బూట్లు తొడుక్కుని కూర్చున్నాడట. టీనెకె ఒక్కతే అందరికీ సర్ది చెబుతోంది. గొంతు పోయింది.

ఫిబ్రవరి 3

బౌదెవైన్ గదిలో మేమిద్దరమే.

"బయటి సంస్థతో దర్యాప్తు చేయిస్తే తడిసి మోపెడవుతుంది. అయినా దర్యాప్తు దేనికి? మనకు తెలిసిందేగా. పెట్టెకి మూడుసార్లు నొక్కిన మనిషి, దేనికైనా నొక్కుతుంది."

మూడుసార్లు అని నేను ఆయనకు చెప్పలేదు. బహుశా చెప్పానేమో.

"నువ్వు మన నిపుణుడివి. చెప్పు, టీనెకే అయ్యుంటుందా?"

"అవకాశం ఉంది" అన్నాను.

ఇది అబద్ధం కాదు. ఉద్దండులు కూడా ఎప్పుడూ ఖచ్చితంగా చెప్పరు, సంభావ్యత అంటారు. ఈ లోకంలో దేనికైనా అవకాశం ఉంటుంది.

ఫిబ్రవరి 4

అవకాశం ఉంది అనడానికీ ఆమే చేసిందనడానికీ చాలా తేడా ఉంది.

ఫిబ్రవరి 12

టీనెకె కాంట్రాక్టు పొడిగించడం లేదు.

ఫిబ్రవరి 28

ఆమె ఆఖరి రోజు. మా ఆఫీసులో వెళ్ళేవాళ్ళే అందరికీ కేకు పెట్టాలి. ఈసారి ప్లమ్ కేకు, పైన మీగడ. బౌదెవైన్ పూలగుత్తి ఇచ్చి, సూపర్‌మార్కెట్ ధర చీటీ దాని మీదే ఉంచేశాడు.

నేను నా బల్ల దగ్గరే ఉండిపోయాను, పని ఉండి. టీనెకె ముక్క పళ్ళెంలో పెట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"నీకు క్షమాపణ చెప్పాలబ్బాయ్."

"నాకా?"

"అంత కష్టపడి నేర్పావు. నా మూలాన నీకు మాటొచ్చింది. అది ఏ మెయిలో గుర్తు తెచ్చుకుందామని రోజూ చూస్తున్నా. బూజు ఫొటో పంపిన కుర్రాడిదా, బాత్రూం తలుపు పట్టేసిందన్న ఆవిడదా... ఎంత ఆలోచించినా తట్టడం లేదు. ఆ ముసలాయన బూట్లేసుకుని కూర్చున్నాడు చూడు, అది మాత్రం మర్చిపోలేకపోతున్నా."

నా నోట్లో కేకు ఉంది. మింగి, "పోనీలే టీనెకె, అందరికీ జరిగేదే" అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడ ఎవరూ చూడరు కనక రాస్తున్నాను.

మార్చి 10

ఇక దాచలేకపోయాను. ధైర్యం తెచ్చుకుని నిజం చెప్పేశాను, సైటులో. ఐరిస్ నన్నెలా బుట్టలో వేసుకుందో, కాపలా ప్రోగ్రాంను నా చేతులతో నేనే ఎలా ఆపేశానో, అంతా. 'మోసపోవడంలో సిగ్గులేదు, దాచడంలోనే ఉంది' అని ముగించాను.

టీనెకె సంగతి రాయలేదు. పోస్టు అప్పటికే పొడవైపోయింది. పైగా ఆమె అనుమతి లేకుండా ఆమె గురించి రాయడం మర్యాద కాదు.

మార్చి 11

బాతుగారు పంచుకున్నారు! 'ఈ రంగానికి కావలసింది ఇలాంటి గుండె' అన్నారు. హృదయాలు లెక్కపెట్టలేనన్ని. పాస్‌వర్డుల గురించి కొట్టుకున్న ఆ ఇద్దరూ నా పోస్టు కింద ఏకమయ్యారు. ఉద్యోగం పోతుందని వణుకుతూ ఆఫీసుకు వెళితే బౌదెవైన్ ఎదురొచ్చి నా భుజం తట్టాడు. నేను ఇక్కడే పనిచేస్తానని పక్క ఊరి సంస్థవాళ్ళు ఫోన్ చేసి మెచ్చుకున్నారట.

"మరి టీనెకె?" అన్నాను.

"అదా... కాగితాలన్నీ అయిపోయాయి గురూ. ఆ డెస్కులోకి కొత్త మనిషి సోమవారం చేరుతోంది. ఇప్పుడు కెలికితే అందరికీ ఇబ్బంది. అయినా అవకాశం ఉందన్నది నువ్వేగా? నేను నీ మాటే నమ్మాను."

అనడం నవ్వుతూనే అన్నాడు. నేను కూడా కాస్త నవ్వాను.

మార్చి 12

భోజనాల బల్ల దగ్గర మార్లూస్ నా పోస్టు మొత్తం చదివింది. బంగాళదుంపలు చల్లారిపోయాయి.

"బాగా రాశావు. ఏడుపొచ్చింది. టీనెకెకు చెప్పావా?"

"బహిరంగంగానే రాశాగా. ఎవరైనా చదవొచ్చు."

"ఆమె ఆ సైటులో ఉందా?"

"లేదనుకుంటా."

"అంటే నీకు హృదయాలు పెట్టేవాళ్ళందరికీ చెప్పావు. చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు."

"సమయం చూసి చెబుతాను."

"చూడు, చూడు. నీ బాతునడిగి ముహూర్తం పెట్టించుకో" అని నా పళ్ళెం కూడా తీసుకెళ్ళిపోయింది. నేనింకా తింటున్నాను.

మార్చి 27

ఊట్రెక్ట్‌లో ఉద్దండుల సభలో ప్రసంగించాను. 'నిందలేని ఆఫీసు' అని వాళ్ళే పేరు పెట్టారు. హాలు నిండింది. నల్ల చొక్కాల ఉద్దండులంతా వరసగా కూర్చున్నారు. బాతుగారు కూడా వచ్చారు. పొట్టిగా, తుమ్ములతో సతమతమవుతున్న మనిషి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "ఫైలు తెరిచాక మీరు చెప్పడానికి ఇన్ని వారాలు పట్టింది కదా. ఆ వారాల్లో ఆఫీసులో ఎవరిని అనుమానించారు?"

హాలంతా నాకేసి చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టేవారు కూడా.

"ప్రత్యేకించి ఎవరినీ కాదు" అన్నాను.

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి కూర్చుంది. తిరుగు రైల్లో నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందంటే, ఎదుటి సీటావిడ నీళ్ళు కావాలా అని అడిగింది.

మార్చి 28

పొద్దున్నే టీనెకెకు ఫోన్ చేశాను. ముందు చెల్లెలు ఎత్తింది, పైకి కేకేసింది. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.

"ఏంటబ్బాయ్, ప్రింటర్ నడవడం లేదా?"

చెప్పాను. పోస్టులో రాసినట్టు కాదు. ఐరిస్, ఫైలు, బౌదెవైన్ గది, అవకాశం ఉందన్న మాట. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకుని, "వింటున్నావా?" అన్నాను.

"వింటున్నా. నీకెప్పట్నుంచి తెలుసు?"

"జనవరి నుంచి."

"నేను కేకు తెచ్చిన రోజు కూడా తెలుసా?"

"తెలుసు."

ఆమె వెనకాల చెల్లెలు గిన్నెలు కడుగుతోంది. టీనెకె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే క్షమించమని అడుగుదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నేనింకా వెతుకుతూనే ఉన్నా రేనీర్" అంది. అబ్బాయ్ అనలేదు. "ఆ మెయిల్ ఏదా అని. పక్క మీద, బస్సులో, పళ్ళు తోముకుంటున్నా అదే. బ్యాంకు వద్దంది, ఇంకో చోట పనికి కూడా దరఖాస్తు పెట్టలేదు. మళ్ళీ ఎవరి కొంప ముంచుతానో అని."

"టీనెకె..."

"అయితే ఇక వెతకడం ఆపెయ్యొచ్చన్నమాట" అని ఫోన్ పెట్టేసింది.

కోపంగా అనలేదు. బరువు దించుకున్న మనిషిలా అంది, అది నేను తట్టుకోలేకపోయాను. మార్లూస్ చూస్తుండగానే ఏడ్చాను.

సైకిల్ తీస్తున్నాను. ముందు బౌదెవైన్ దగ్గరికి, ఆ 'అవకాశం' మాట వెనక్కి తీసుకుని ఆమె ఉద్యోగం ఆమెకిమ్మని చెప్పడానికి. లేదంటే నాది కూడా తీసుకోమంటాను. సైటులో ఏమీ రాయను.